చివరి అక్షరం మిగిలిన రాయి

తప్పు పడిన రాయిని మా షెడ్డులో పారేసేవాళ్ళం కాదు. బోర్లా తిప్పి నేలకు పరిచేవాళ్ళం. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన ఉండేది మా షెడ్డు. వాకిలి నుంచి నీళ్ళ తొట్టి దాకా మేము తొక్కి తిరిగిన బండలు చాలా వరకు అట్లాంటివే. పైన చూస్తే నున్నటి నాపరాయి. కింద మట్టిలో మొహం పెట్టుకుని ఇంగ్లీషు తప్పులు. పనిలో చేరిన కొత్తలో ఆ సంగతి నాకు తెలియదు. తెలిసినా చేసేదేం లేదు, అప్పటికి నాకు తెలుగు అక్షరమే రాదు.

నేను అక్షరాలు చెక్కేవాణ్ణి. మా ఊరంటే విగ్రహాలే అనుకుంటారు గాని, విగ్రహం చెక్కే చేతులు వేరు, నా చెయ్యి వేరు. శంకుస్థాపన రాళ్ళు, సమాధి రాళ్ళు నా వంతు. రాత మనిషి కుంచెతో రాయి మీద అక్షరం గీస్తాడు. నేను ఆ గీత మీద సన్న ఉలి పెట్టి కొడతాను. గీసింది గీసినట్టు కొట్టాలి, అంతే. చదువురాని వాడు అక్షరాలు చెక్కడమేంటని మీరు నవ్వుకోవచ్చు. నాకు అక్షరం ఒక ఆకారం. 'ఏ' అంటే గుడిసె. 'ఎస్' అంటే పాము. 'టీ' అంటే సుత్తి. 'ఈ' అంటే మూడు పళ్ళ దువ్వెన. ఎంత పెద్ద మనిషి సమాధి అయినా నా ఉలికి గుడిసెలూ పాములూ దువ్వెనలే.

మా షెడ్డుకు ఒక పద్ధతి ఉండేది. గుడికి విగ్రహం చేసినప్పుడు కళ్ళు చివర తెరుస్తారు, అదీ గుడికి తీసుకెళ్ళి, అక్కడివాళ్ళు చెప్పాక. అంతవరకూ అది రాయే. మా పెద్ద మేస్త్రి తండ్రి ఆ పద్ధతినే సమాధి రాళ్ళకూ తెచ్చిపెట్టాడట. రాత మొత్తం షెడ్డులో చెక్కేస్తాం, చివరి అక్షరం ఒక్కటి రంగు గీత మీదనే వదిలేస్తాం. రాయిని సమాధి దగ్గర నిలబెట్టాక ఆ ఇంటి పెద్ద చూసి 'కొట్టు' అనాలి. అప్పుడు నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఒక్క అక్షరం చెక్కుతాను. కొట్టు అన్న తర్వాత రాయి వాళ్ళది. అనకముందు మాది, తప్పుంటే వెనక్కి తెచ్చుకుంటాం.

పద్ధతి బాగానే ఉంది. చిక్కేమిటంటే, రాసినవాడికి ఇంగ్లీషు రాదు, కొట్టినవాడికి రాదు, కొట్టు అన్నవాళ్ళకూ రాదు.

ఒకరోజు నంద్యాల బస్సు దిగి ఒక పెద్దావిడ నేరుగా షెడ్డులోకి వచ్చింది. నంద్యాలలో ఒక బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైన మనిషి. నీళ్ళన్నా అడగకుండా, ఫలానా చిన్నపాప రాయి ఎవరు రాశారని అడిగింది. నంద్యాలలో కూలిపని చేసుకునే ఒక కుటుంబం, జబ్బు చేసి పోయిన బిడ్డకు పెట్టించుకున్న రాయి అది. ఆవిడ వేరే ఎవరి భూస్థాపనకో సమాధుల తోటకు వెళ్ళి దాన్ని చదివిందట.

"ఏంజిల్ అంటే దేవదూత. మీరు చివర రెండక్షరాలు అటుదిటు పెట్టినారు. అది యాంగిల్ అయింది. యాంగిల్ అంటే మూల. ఆ తల్లి పొద్దున్నే వచ్చి ఆ రాయిని ముద్దు పెట్టుకోని పోతాంది. ఏం రాసినారో ఆ యమ్మకు ఎవురు చెప్పాల?"

మేస్త్రి తన పద్ధతి చెప్పాడు. "వాళ్ళు కొట్టమన్నారు తల్లీ. కొట్టమన్నాక మా చేతిలో ఏముంటాది?"

"చదవను రానోళ్ళతో కొట్టు అనిపిచ్చుకుంటే అది అడిగినట్టా?"

ఆవిడ అక్కడే ఉన్న ముక్కాలిపీట మీద కూర్చుంది. లేచే మనిషిలా కనబడలేదు. చివరికి మేస్త్రి కొత్త రాయి తీయించి, నువ్వే రాయి అన్నాడు, కొంచెం కోపంగానే. ఆవిడ రాసింది. అట్లాంటి రాత నేను అంతకుముందు చూడలేదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ కూడా కావాలని గీసినట్టు ఉంటుంది.

ఆ రాయి నిలబెట్టిన రోజు ఆవిడ కూడా వచ్చింది. పాప తండ్రిని పక్కన నిలబెట్టుకుని మాట మాటా వేలితో చూపి చదివింది, తెలుగులో అర్థం చెప్పింది. దేవదూత అన్న దగ్గర ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. అటు తిరిగే, కొట్టప్పా అన్నాడు. అంతకుముందు నేను ఎన్నో చివరి అక్షరాలు కొట్టాను. ఏం కొడుతున్నానో తెలిసి కొట్టింది అదే మొదలు.

పాత రాయిని తెచ్చి షెడ్డు వాకిట్లో బోర్లా పరిచాం. మేస్త్రి ఆవిణ్ణే రాత మనిషిగా పెట్టుకున్నాడు. మేమందరం టీచరమ్మ అనేవాళ్ళం. పని ఉన్న రోజుల్లో పొద్దున బస్సుకు నంద్యాల నుంచి వచ్చేది, సాయంత్రం బస్సుకు వెళ్ళేది. ప్రతి రాయినీ ఇంటివాళ్ళకు చదివి వినిపించి, అర్థం చెప్పి, ఆ తర్వాతే కొట్టమనిపించేది.

నాకు చదువు రాదని ఆవిడ కనిపెట్టడానికి ఎన్నో రోజులు పట్టలేదు. నేను 'డబ్ల్యూ'ని కిందా మీదా చూసుకోకుండా వెనక నుంచి చెక్కుకొస్తుంటే చూసింది.

"నీకు చదవను రాదా?"

"రాదు."

"రాకుండానే ఇంత శుద్ధంగా ఎట్ల కొడతాండావప్పా?"

"రాదు కాబట్టే" అన్నాను. నిజమే చెప్పాను. చదువొచ్చినవాడు మాట చూసుకుంటూ గీత తప్పుతాడు.

ఆవిడ నవ్వి ఊరుకోలేదు. మరుసటి వారం గడ్డపార తెప్పించి, నీళ్ళ తొట్టి పక్కన పరిచిన బండను పైకి లేపించింది. మట్టి కడిగించింది. అదే నా మొదటి పలక. అప్పటికి నాకు నలభై దాటాయి, మీసంలో తెలుపు వచ్చింది. తెలుగు ఆవిడ కుంచెతో నేర్పింది. ఇంగ్లీషు మాత్రం ఆ బోర్లా రాళ్ళ మీదనే నేర్పింది. చెక్కిన గాడిలో నా వేలు పెట్టించి, అక్షరం పేరు చెప్పించి, ఇక్కడ ఏం తప్పిందో చూడమనేది. ఒక బడి రాయి మీద ప్రిన్సిపల్ చివర 'ఏ', 'ఎల్' ఉండాల్సిన చోట 'ఎల్', 'ఈ' పడ్డాయి. అట్లా రాస్తే మనిషి కాదు, నియమం అట. పుస్తకాల అంగడి వాడి రాయి మీద స్టేషనరీలో 'ఈ' బదులు 'ఏ' ఉంది. అట్లా రాస్తే కదలకుండా ఉన్నచోటే ఉండేదని అర్థమట. ఆ అంగడి ఇప్పుడు లేదనుకోండి. ఇంకో రాయి మీద శాంతిగా నిద్రించు అనాల్సింది ముక్కలో నిద్రించు అని ఉంది. పలికితే రెండూ పీసే. ఆ రాయి చదివిన రోజు నేను నవ్వాను. టీచరమ్మ నవ్వలేదు. ఆ ఇంటివాళ్ళు దాని ముందర నిలబడి ఏడ్చే ఉంటారు గదా అంది.

ఇట్లా నేర్చుకోవడం వల్ల నాకు ఇప్పటికీ ఒక అవస్థ ఉంది. ఏ ఇంగ్లీషు మాటకైనా నాకు ముందు తప్పు గుర్తొస్తుంది, దాని వెనక ఒప్పు వస్తుంది. బళ్ళో నేర్చుకున్న మీకు అట్లా ఉండదు.

అక్షరాలు వచ్చాక కొన్నాళ్ళు నేను మనిషిని కాకుండా పోయాను. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని బోర్డులు చదవడమే పని. సెపరేట్ ఏసీ రూములో మధ్య 'ఏ' ఉండాల్సిన చోట 'ఈ'. వెల్‌కమ్‌కు రెండు 'ఎల్'లు. రెస్టారెంటునైతే ఎంతమంది ఎన్ని రకాలుగా రాశారో. దిగి అంగడివాళ్ళకు చెప్పేవాణ్ణి కూడా. ఒక టీ అంగడాయన, నీకు టీ కావాల్నా స్పెల్లింగు కావాల్నా అని అడిగాడు. ఇది టీచరమ్మకు గొప్పగా చెబితే కుంచె పక్కన పెట్టి నా మొహం చూసింది.

"అక్షరాలు నేర్పింది మంది తప్పులు ఏరను గాదప్పా. ఆ బోర్డు పెట్టుకున్నోడు ఏం చెప్పాలనుకున్యాడో నీకు తెలిసింది గదా. తెలిసినాక ఇంగేంది?"

సాయంత్రాలు నంద్యాల బస్టాండులో ఆవిడ భర్త సైకిలు పట్టుకుని నిలబడి ఉండేవాడు. రైల్వే గేటు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. రాయి నిలబెట్టే పని మీద నేను నంద్యాల వెళ్ళిన రోజున మేస్త్రి, టీచరమ్మ, నేను ముగ్గురం కలిసి ఆ బస్టాండు దాకా వచ్చేవాళ్ళం. ఆయన రోజూ ఒకటే అడుగుతాడు, ఈపొద్దు ఎన్ని తప్పులు పట్టుకున్నావమ్మా అని. నాతో అనేవాడు: "నేను గేటు ఏసేటోణ్ణి అబ్బీ. నాకు ఎర్రజెండా, పచ్చజెండా రెండే స్పెల్లింగులు. మీ టీచరమ్మ ఎంత ఎతికినా తప్పు దొరకదు." ఆవిడ సంచి తీసుకుని సైకిలు హ్యాండిలుకు తగిలించి, ఎక్కకుండా పక్కనే నడిపించుకుంటూ పోయేవాడు. ఆవిడ వెనక కూర్చోదు, ఆయన ఆవిణ్ణి వదిలి ఎక్కడు. సైకిలు ఎందుకు తెస్తాడో నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అవుతుంది.

ఆయన ఒక ఎండాకాలం పోయాడు. టీచరమ్మ కొన్నాళ్ళకు మళ్ళీ పనిలోకి వచ్చింది. అందరి రాళ్ళూ రాసింది, ఆయనది మాత్రం రాయలేదు. సమాధి మీద చెక్క సిలువ ఉండేది. మేస్త్రి మంచి నల్లరాయి ఒకటి పక్కన పెట్టి, ఎప్పుడంటే అప్పుడు చేద్దాం తల్లీ అన్నాడు. రాస్తాలే మేస్త్రీ అనేది. వానకు చెక్క సిలువ వంగింది. చెదలు పట్టింది. రాస్తాలే అంటూనే ఉంది.

ఆ తర్వాత ఆవిడ కుంచె గీత దాటడం మొదలైంది. ముందు నేను గమనించాను, ఆవిడకూ తెలుసు. కంటి నరం ఎండిపోతోందని డాక్టర్లు చెప్పారట. మేస్త్రి నంద్యాల నుంచి కంప్యూటరులో కత్తిరించిన అక్షరాలు తెప్పించడం మొదలుపెట్టాడు. ఆ కాగితం రాయికి అంటించి నేను కొట్టేవాణ్ణి. టీచరమ్మ వచ్చి వేలితో తడిమి తప్పులు చూసి వెళ్ళేది. కొన్నాళ్ళకు అదీ తగ్గింది.

ఒకరోజు తన తమ్ముడి కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. పక్కన పెట్టిన ఆ నల్లరాయి ముందర పీట వేయించుకుని కూర్చుంది.

"ఆయన రాయి రాయాలప్పా. ఇంగ ఆపితే నాకు ఇదిగూడ కనపడదు. నేను చెప్తా, నువ్వు రాయి."

"నేను కొట్టేవాణ్ణి అమ్మా. రాసేవాణ్ణి కాదు."

"నేర్పింది నేనే గదా. నాకు తెలీదా నీకెంతొచ్చో."

కంప్యూటరు అక్షరాలు తెప్పిస్తానని మేస్త్రి అన్నాడు. వద్దంది. ఆవిడ ఒక్కో అక్షరం చెబుతుంటే నేను కుంచె పట్టాను. ఆయన పేరు అయింది. కింద ప్రేమపూర్వక జ్ఞాపకార్థం అని ఇంగ్లీషులో. చివరి మాట రిమెంబ్రన్స్. 'బీ' దాకా చెప్పి 'ఆర్' అంది. నేను ఆగాను. రిమెంబర్, అంటే గుర్తుంచుకోవడం అనే మాటలో 'బీ' తర్వాత 'ఈ' ఉంటుందని ఆవిడే నేర్పింది.

"ఈ లేదా అమ్మా ఈడ?"

"లేదు. గుర్తుపెట్టుకునేటప్పుడు ఉంటాది. గుర్తుగా మిగిలినప్పుడు రాలిపోతాది. చానామంది ఆ మాటను తప్పు రాస్తారు, రాలింది ఒప్పుకోల్యాక."

తర్వాత అక్షరాలు చెప్పింది. చివర 'ఈ' చెప్పి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ రాత ఆవిడ రాతలా లేదు. దువ్వెన పళ్ళు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అయినా గీసింది గీసినట్టే చెక్కాను, చివరి 'ఈ' తప్ప.

నంద్యాలలో రాయి నిలబెట్టిన రోజు పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. మేస్త్రి, నేను, ఆవిడ, ఆ తమ్ముడి కొడుకు. ఇంటిపెద్ద ఆవిడే. చదివి వినిపించేదీ ఆవిడే కదా, అందుకని మేమెవరం చదవలేదు. ఆవిడ కూర్చుని పేరు మొదటి అక్షరం గాడిలో వేలు పెట్టింది. మెల్లగా ఒక్కో అక్షరం మీదుగా జరుపుకుంటూ వచ్చింది. చివరి మాట 'సీ' దాటాక వేలు నున్నటి రాయి మీద పడింది. అక్కడ రంగు మాత్రమే ఉంది, గాడి లేదు. వేలు అక్కడే నిలిచింది.

నేను ఉలి పట్టుకుని మోకాళ్ళ మీదకు వంగాను. మేస్త్రి ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"కొట్టమంటావా తల్లీ?"

అంతమంది చేత ఆ మాట అనిపించిన మనిషికి ఆ మాట నోట్లోంచి రాలేదు. అది అన్న తర్వాత ఏమవుతుందో ఆవిడకు మాకన్నా బాగా తెలుసు. రాయి ఆవిడదవుతుంది, ఇక వెనక్కి తేవడం ఉండదు.

"రేపు చెప్తాలేప్పా" అంది.

"అంటే ఎత్తుకపొమ్మంటావా?"

"ఎత్తుకపోవద్దు. కొట్టొద్దు. రేపు చెప్తా."

మా పద్ధతిలో అట్లాంటిది లేదు. కొట్టు అంటే కొట్టాలి, లేకుంటే వెనక్కి తేవాలి. మేస్త్రి దారి పొడుగునా గొణిగాడు. నెల తిరిగాక గట్టిగానే అన్నాడు. "చూసినోళ్ళు స్పెల్లింగు తప్పు అంటారు గాని కథ అడుగుతారా? కింద మన షెడ్డు పేరుంది. పొద్దున్నే పోయి ఒక దువ్వెన కొట్టి రా. ఆ యమ్మకు కనపడదు గదా."

"వేలుకు కనపడతాది" అన్నాను. "గుడోళ్ళు చెప్పకుండా నువ్వు కళ్ళు తెరిచినావా ఎప్పుడన్నా?"

మేస్త్రి కొన్ని రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మాటే మళ్ళీ ఎత్తలేదు కూడా.

నేను నంద్యాల వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఇంటికి పోయేవాణ్ణి. కాఫీ ఇచ్చేది. వచ్చేటప్పుడు వాకిట్లో అడిగేవాణ్ణి, అమ్మా ఏం చేద్దాం అని. రేపు చెప్తా అనేది. తర్వాత తర్వాత నేను అడగకముందే, రేపు అనేది, నవ్వుతూ. వానలు పడితే రంగు పోయేది. అందుకని వాన వెనకాలే ఒక డబ్బా, కుంచె పట్టుకెళ్ళి ఆ 'ఈ' మళ్ళీ గీసి వచ్చేవాణ్ణి. నేను రిటైరయ్యాను. మేస్త్రి పోయాడు. షెడ్డులో ఇప్పుడు మిషన్లు అక్షరాలు కోస్తున్నాయి. నేల మీద టైల్స్ వేశారు, కింద ఆ రాళ్ళు ఉన్నాయో తీసేశారో నేను అడగలేదు. ఉలి చప్పుడుకు మెలకువ రాని పొద్దులకు నేనింకా అలవాటు పడలేదు.

పోయిన ఏడు టీచరమ్మ పోయింది. రేపు చెప్పనే లేదు.

ఆ తమ్ముడి కొడుకు నంద్యాలలోనే బ్యాంకులో పనిచేస్తాడు, మర్యాదస్తుడు. అత్తకు రాయి మిషను మీద చేయించాడు. ఫోటోతో సహా దిగింది, ఒక్క తప్పు లేదు. దాని పక్కన వాళ్ళ మామ రాయి చూసి నాకు ఫోన్ చేశాడు. "పెద్దాయనా, వచ్చినోళ్ళంతా స్పెల్లింగు తప్పుందంటాండారు. పాస్టరమ్మ గూడ అడిగె. నువ్వే వచ్చి ఆ ఒక్కటి కొట్టిపో."

సంచిలో ఉలి, సుత్తి వేసుకున్నాను. ఎందుకో రంగు డబ్బా, కుంచె కూడా వేసుకున్నాను. బస్సులో బోర్డులు చదవలేదు.

సమాధుల తోటలో ఇద్దరి రాళ్ళూ పక్కపక్కన ఉన్నాయి. అతను గడ్డి తుడిచి, కానీ పెద్దాయనా అన్నాడు. అతనే ఇప్పుడు ఇంటిపెద్ద. అతను అంటే నేను కొట్టాలి. ఉలి తీసి ఆ వెలిసిన రంగు మీద ఆనించాను కూడా. ఆనించి, మీ మామ రాయి ఒకసారి గట్టిగా చదువప్పా అన్నాను. టీచరమ్మ పద్ధతి అది, నాకు దాన్ని దాటడం రాదు. అతను చదివాడు. రిమెంబ్రన్స్ అని నిండుగా చదివాడు. పలుకులో ఏ అక్షరమూ తక్కువ కాలేదు.

అప్పుడు ఆ రోజు సంగతి చెప్పాను. ఆ రోజు అతనూ అక్కడే ఉన్నాడు, అత్తకు కళ్ళు తిరిగి అట్లా అందేమో అనుకున్నాడట. రేపు రేపు అన్న సంగతి ఆవిడ ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. చాలాసేపు రెండు రాళ్ళనూ మార్చి మార్చి చూశాడు.

"మరి ఇప్పుడెట్ల?"

"నువ్వు కొట్టు అంటే కొడతా."

అతను అనలేదు. ఉలిని సంచిలో పెట్టేశాను. డబ్బా మూత తీస్తే అతనే పట్టుకున్నాడు. దువ్వెన గీశాను. ఈసారి మూడు పళ్ళూ సమంగా వచ్చాయి, టీచరమ్మ రాసినట్టే.

"ఇది ఎన్నాళ్ళుంటాది?"

"వాన దాకా."

"ఆ తర్వాత?"

"మళ్ళొస్తా."

మీరు చదువుకున్న పిల్లలు. మీ ఫోన్లలో మాట తప్పితే కింద ఎర్ర గీత పడుతుంది, అది చూసి దిద్దుకుంటారు, మంచిదే. ఎప్పుడన్నా నంద్యాలలో ఆ తోటకు వెళ్తే, ఒక నల్లరాయి మీద చివరి మాటకు చివరి అక్షరం గాడి లేకుండా రంగుతో మాత్రమే కనబడుతుంది. దాన్ని ఫోటో తీసి నవ్వకండి. అది తప్పు కాదు, అడగాల్సిన వాళ్ళను అడిగి ఆగిన పని. రంగు కూడా పోయి ఉంటే, నేను రాలేకపోయానని అర్థం.